మెదడు కాండం: ఊపిరికీ మెలకువకూ ఆధారమైన మూడు అంగుళాలు

పిల్లలు ఆటలో ఒకరినొకరు పెడతల మీద చరచుకొంటే మన ఇండ్లలో పెద్దలు వెంటనే గద్దిస్తారు. వీపు మీద నాలుగు దెబ్బలు పడినా చూచీచూడనట్లు ఊరుకొనే అవ్వ కూడ, మెడ వెనుక గుంతలో దెబ్బ తగిలిందంటే లేచి వస్తుంది. ఆ చోట ఏదో ప్రాణాధారమైనది ఉన్నదని మన పూర్వులు అనుభవం వలన గ్రహించారు. అది నిజమే. ఆ గుంతకు కొంచెం పైన, ఎముక చాటున, బొటనవ్రేలి మందాన, మూడు అంగుళాలకు మించని పొడవుతో ఒక కాడ వంటి అవయవం ఉన్నది. దానిని వైద్యులు మెదడు కాండం అంటారు. మస్తిష్క కాండం అన్నా అదే.

మన సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ అవయవాన్ని గూర్చిన మాట సాధారణంగా ఒకే ఒక సందర్భంలో చెవిని పడుతుంది. రహదారి మీద ప్రమాదం జరుగుతుంది. మనిషిని బెంగళూరుకో, వేలూరుకో, చెన్నైకో, బరంపురానికో తరలిస్తారు. రెండు మూడు దినాల తరువాత వైద్యుడు వచ్చి ఒక మాట చెబుతాడు. హోసూరు, తిరుత్తణి వైపువారికి అది 'మూళైచ్చావు' అని తమిళంలో వినబడుతుంది. పావగడ, బాగేపల్లి వైపువారికి 'మెదుళు నిష్క్రియ' అని కన్నడంలో వినబడుతుంది. ఇంగ్లీషులో చెబితే 'బ్రెయిన్ డెడ్'. మన తెలుగు పత్రికలు 'జీవన్మృతుడు' అని వ్రాస్తాయి. ఈ చివరి మాట మేలు కంటె కీడే ఎక్కువ చేసిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. జీవన్మృతుడు అనగానే సగము బ్రతికి, సగము చచ్చినవాడు అనే అర్థం మనసులో నిలుస్తుంది. సగము బ్రతికినవాడైతే మిగిలిన సగము బ్రతికించరాదా అని తల్లి అడుగుతుంది. ఆమె ప్రశ్నలో తప్పు లేదు, మాటలోనే ఉన్నది తప్పు. వైద్యుడు చెప్పదలచినది ఏమిటో తెలియాలంటే ఆ మూడు అంగుళాల కాండం ఎట్లున్నదో, ఏ అంతస్తులో ఏ పని జరుగుతున్నదో ముందు తెలియాలి.

కాండం ఎక్కడ, ఎట్లున్నది

మనిషి మెదడు బరువు 1300 నుండి 1400 గ్రాముల వరకు ఉంటుంది. అందులో ఈ కాండం వాటా దాదాపు నలభైలో ఒక వంతు మాత్రమే. మెదడును ఒక గోబిపువ్వుగా ఊహించుకొంటే పైన విచ్చుకొన్న పువ్వు పెద్దమెదడు. క్రింది కాడ మెదడు కాండం. ఆ కాడకు వెనుకవైపు అతుక్కొని ఉన్న చిన్న గడ్డ చిన్నమెదడు. పాఠ్యపుస్తకాలు దానినే అనుమస్తిష్కం అంటాయి. కాండం క్రిందికి దిగి, కపాలం అడుగున ఉన్న పెద్ద రంధ్రం గుండా వెలుపలికి వచ్చి వెన్నుపాముగా సాగుతుంది. పెద్దమెదడు నుండి కాలి బొటనవ్రేలికి వెళ్ళవలసిన ఆజ్ఞ ఏదైనా, అరికాలిలో ముల్లు గ్రుచ్చుకొన్న కబురు ఏదైనా ఈ కాండం గుండానే రావాలి, పోవాలి. వేరే దారి లేదు. ఈ కారణం చేతనే పెద్దమెదడులో నిమ్మకాయంత గడ్డను కూడ కొందరు చాలాకాలం భరించగలుగుతారు గాని, కాండంలో శనగగింజంత రక్తస్రావం మనిషిని మంచాన పడవేయగలదు.

కాండంలో మూడు అంతస్తులు ఉన్నవి. పై అంతస్తు మధ్యమెదడు. నడుమ ఉబ్బుగా ఉండేది పాన్స్. క్రింది అంతస్తు మజ్జాముఖం. పాన్స్ అనగా లాటిన్ భాషలో వంతెన అని అర్థం. 16వ శతాబ్దంలో ఇటలీ దేశపు శరీర శాస్త్రజ్ఞుడు కొస్టాంజో వరోలియో దీనిని వర్ణించినందువలన మన పాత పుస్తకాలలో దీనికి 'పాన్స్ వరోలి' అనే పేరు కనిపిస్తుంది. చిన్నమెదడు కుడి ఎడమ భాగాలను కలుపుతూ అడ్డముగా వేసిన వంతెనలా కనిపించినందున ఆయనకు ఆ ఉపమానం తోచింది.

తల నుండి బయలుదేరే నాడులు 12 జతలు. వాటిని కపాల నాడులు అంటారు. మొదటి జత వాసనకు, రెండవ జత చూపుకు సంబంధించినవి. ఇవి పెద్దమెదడుకు చెందినవి. మిగిలిన పది జతలూ కాండానికి చెందినవే. పదకొండవ జతలో అధికభాగం మెడలోని వెన్నుపాము నుండి పైకి వచ్చినదైనా, లెక్కలో దీనితోనే చేరుస్తారు. మూడవ, నాల్గవ జతలు మధ్యమెదడు నుండి, ఐదవది పాన్స్ నుండి, ఆరు, ఏడు, ఎనిమిది పాన్స్ మజ్జాముఖాన్ని కలిసే గీత నుండి, తొమ్మిది మొదలు పన్నెండు వరకు మజ్జాముఖం నుండి వెలువడతాయి. ఈ వరుసను పాఠకులు కొంచెం జ్ఞాపకం ఉంచుకొనవలెనని కోరుతున్నాము. వైద్యుడు మంచం ప్రక్కన నిలబడి కంటిలో లైటు వేయడం, చెవిలో నీరు పోయడం వంటి పనులు చేసేటప్పుడు ఆయన ఈ వరుసనే పైనుండి క్రిందికి చదువుతున్నాడు.

మధ్యమెదడు

ఇది ముక్కాలు అంగుళం పొడవు ఉంటుంది. దీని వీపు మీద నాలుగు చిన్న బొడిపెలు ఉన్నవి. పై రెండు చూపుకు, క్రింది రెండు వినికిడికి పనిచేస్తాయి. వెనుక హఠాత్తుగా టపాకాయ పేలితే, ఆలోచన కంటె ముందే తల అటు తిరగడం వీటి పని. వీటి క్రింద సన్నని కాలువ ఒకటి సాగుతుంది. మెదడులో ఊరే నీరు, అనగా మస్తిష్క మేరుద్రవం, ఈ కాలువ గుండా క్రిందికి పారుతుంది. పుట్టుకతోనే ఈ కాలువ మూసుకొనిపోయిన శిశువులకు నీరు పైన నిలిచి తల పెరుగుతూ పోతుంది. మన పల్లెలలో ఇటువంటి బిడ్డను చూచి గ్రహపీడ అనేవారు. ఇది కాలువ పూడిక. శస్త్రచికిత్సతో నీటికి మరొక దారి కల్పించవచ్చు.

మధ్యమెదడును అడ్డముగా కోసి చూచినప్పుడు రెండు ప్రక్కలా నల్లని చార కనిపిస్తుంది. దానిలోని కణాలు డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఆ కణాలు సగానికి పైగా నశించిన తరువాత చేతులు వణకడం, నడక మందగించడం, ముఖంలో కదలిక తగ్గడం మొదలగు లక్షణాలతో పార్కిన్‌సన్ వ్యాధి బయటపడుతుంది. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ దీనిని వర్ణించాడు. మన చేల గట్లమీద పెరిగే దూలగొండి గింజలో డోపమైన్‌కు మూలమైన పదార్థం ఉన్నదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపారు. అయితే గింజ గింజకూ పాలు మారుతుంది గనుక ఇంటిలో దంచి మ్రింగడం ప్రమాదకరం.

కంటిపాప చిన్నది కావడం కూడ ఈ అంతస్తు పనియే. కంటిలో వెలుతురు పడగానే రెండవ నాడి ఆ కబురు తెస్తుంది, మూడవ నాడి పాపను ముడుస్తుంది. కనురెప్ప ఎత్తడమూ మూడవ నాడి పనియే.

పాన్స్, దాని ముందు పారే ధమని

పాన్స్ నుండి వెలువడే నాడులు ముఖానికి సంబంధించినవి. ముఖం మీద ఈగ వాలినట్లు తెలియడం, దవడ నమలడం, కన్ను ప్రక్కకు తిరగడం, నవ్వు, రెప్ప మూయడం, వినికిడి, ఒంటి తూకం అన్నీ ఇక్కడివే. దీని ముందు భాగం గుండా కాళ్ళు చేతులకు పోయే తంత్రులు దిగుతాయి. ముందు వైపు గాడిలో బేసిలార్ ధమని పారుతుంది. మెడ ఎముకల సందుల గుండా పైకి వచ్చిన రెండు ధమనులు కలిసి ఇది ఏర్పడుతుంది. కాండానికి నెత్తురు ప్రధానంగా ఈ ధమనుల నుండే అందుతుంది.

ఈ ధమనిలో గడ్డ అడ్డుపడి పాన్స్ ముందు భాగం మాత్రమే చెడినప్పుడు ఒక వింత స్థితి ఏర్పడుతుంది. కాళ్ళు చేతులు కదలవు. నోరు పెగలదు. ముఖం కదలదు. అయితే మెలకువను కాపాడే తంతువుల వల పాన్స్ వెనుక భాగంలోను, మధ్యమెదడులోను ఉన్నందున మనిషికి పూర్తిగా స్పృహ ఉంటుంది. అన్నీ వింటాడు, అన్నీ తెలుసు. కన్నులు పైకీ క్రిందికీ మాత్రం కదలగలవు, ఎందుకంటే ఆ కదలికను నడిపేది పై అంతస్తు. 1966లో ప్లమ్, పోస్నర్ అనే అమెరికా వైద్యులు దీనికి 'లోపల తాళం వేయబడిన స్థితి' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఫ్రాన్స్ దేశంలో ఒక పత్రిక సంపాదకుడైన జాన్ దొమినిక్ బోబి 1995 డిసెంబరులో ఈ స్థితికి లోనయ్యాడు. ఎదుటివారు అక్షరాలు వరుసగా చదువుతూ ఉంటే, కావలసిన అక్షరం రాగానే ఎడమ కనురెప్ప ఆడించి, ఆ విధంగా ఒక పూర్తి పుస్తకమే వ్రాయించాడు. అది 1997లో వెలువడింది. కొద్ది దినాలకే ఆయన మరణించాడు.

ఈ సంగతి మన ప్రాంతపు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉన్నది. స్పృహ ఉన్నదా లేదా అని తెలుసుకొనడానికి వైద్యుడు రోగికి ఆజ్ఞలు ఇస్తాడు: కన్నులు తెరువు, పైకి చూడు, నాలుక చూపు. ఆ ఆజ్ఞ కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఉంటే, ఇంటిలో జీవితమంతా తెలుగు మాత్రమే మాట్లాడిన మన అవ్వకు అది ఆజ్ఞగా అందకపోవచ్చు. బజారులో నాలుగు మాటలు మాట్లాడగలగడం వేరు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు అర్థం కావడం వేరు. కనుక ఇంటివారిలో ఒకరు వైద్యుని అనుమతితో దగ్గర నిలబడి, ఇంటి పిలుపుతో పిలిచి, తెలుగులో అదే ఆజ్ఞ ఇవ్వాలి. "అవ్వా, వినబడుతున్నదా? వినబడితే పైకి చూడు" అని చెప్పి కన్నుల వైపు చూడాలి. ఇందుకు సిగ్గుపడనక్కరలేదు. మంచి వైద్యుడు దీనికి సంతోషిస్తాడేగాని విసుగుకొనడు.

మజ్జాముఖం

కాండంలో అన్నిటికంటె క్రింది భాగం ఇది. సుమారు అంగుళంపావు ఉంటుంది. పెద్దమెదడు నుండి కాళ్ళు చేతులకు దిగే తంత్రులలో ప్రతి పదింటిలో దాదాపు తొమ్మిది ఇక్కడ కుడివి ఎడమకు, ఎడమవి కుడికి దాటుతాయి. ఎడమ మెదడులో నెత్తురు గడ్డకడితే కుడి చేయి, కుడి కాలు పడిపోవడానికి కారణం ఈ దాటుడే. కాండంలోనే దెబ్బ తగిలినప్పుడు ఇంకొక విచిత్రం కనిపిస్తుంది: ముఖంలో ఒక ప్రక్క, ఒంటిలో దానికి ఎదురు ప్రక్క చెడుతుంది. ముఖపు నాడి దాటకుండ తన ప్రక్కకే పోతుంది, ఒంటి తంత్రి ఇంకా దాటవలసి ఉన్నది గనుక అట్లు జరుగుతుంది.

మ్రింగడం, మాట గొంతు, దగ్గు, ఎక్కిళ్ళు, వాంతి, రక్తపోటు, గుండె వేగం అన్నిటికీ ఇక్కడ కేంద్రాలున్నవి. వాంతి కేంద్రానికి చేరువలో ఉన్న ఒక చిన్న మచ్చ నెత్తురును రుచి చూచి, విషం ఉన్నదని తోస్తే కడుపును కుదిపి కక్కిస్తుంది. మెదడులో ఇతర చోట్ల నెత్తురుకూ కణాలకూ నడుమ గట్టి అడ్డు ఉంటుంది. ఈ మచ్చ దగ్గర మాత్రం ఆ అడ్డు పలుచన, కావలివాడు కోట వెలుపలనే నిలబడినట్లు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఊపిరి. మనిషి దినానికి దాదాపు ఇరవై వేల సార్లు ఊపిరి తీస్తాడు. అందులో తలచి తీసేవి ఎన్నో లేవు. 1812లో ఫ్రెంచి వైద్యుడు లెగల్వా ప్రచురించిన ప్రయోగాలలో మెదడును పైనుండి భాగాలుగా తొలగిస్తూ పోయినా జంతువు ఊపిరి ఆగలేదు. మజ్జాముఖంలో ఒక నిర్ణీత స్థలం తెగగానే ఆగిపోయింది. ఆ లయను పుట్టించే కణాల గుంపును 1991లో స్మిత్, ఫెల్డ్‌మన్ మొదలగు శాస్త్రజ్ఞులు ఎలుకలలో గుర్తించారు. దాని పేరు ప్రీ బోట్జింగర్. పొరుగున ఉన్న మరొక గుంపుకు అంతకుముందే ఫెల్డ్‌మన్ బోట్జింగర్ అని పేరు పెట్టి ఉన్నాడు. అది ఒక సభలో బల్లమీద ఉన్న జర్మను ద్రాక్షసారా సీసా మీది పేరు! ఊపిరి పోసే చోటికి ఇంతకంటె గంభీరమైన పేరు దొరకలేదా అనిపిస్తుంది.

ఈ కేంద్రం ప్రధానంగా చూచేది నెత్తురులో ప్రాణవాయువు ఎంత ఉన్నదని కాదు, బొగ్గుపులుసు వాయువు ఎంత పేరుకొన్నదని. ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఆగలేనని తొందరపెట్టేది బొగ్గుపులుసు వాయువే. బావిలో మునిగే ముందు పిల్లలు గబగబా పది పదిహేను సార్లు ఊపిరి పీల్చి వదలితే ఆ వాయువు తగ్గిపోతుంది. లోపల ప్రాణవాయువు అయిపోవచ్చినా కేంద్రానికి తొందర తెలియదు. పిల్లవాడు నీటిలోనే స్పృహ తప్పుతాడు. ఈత వచ్చినవారు కూడ బావులలో చనిపోవడానికి ఇది ఒక కారణం.

కాండం ఒక్కటే మిగిలితే ఏమవుతుందో 1945లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక కోడిపుంజు చూపింది. కూరకని గొడ్డలితో నరికినప్పుడు వేటు కొంచెం పైన పడి తల పోయింది గాని, మెదడు కాండంలో అధికభాగం మెడకే మిగిలిపోయింది. యజమాని మెడ రంధ్రంలో చుక్కలు చుక్కలుగా ఆహారం వేస్తూ వచ్చాడు. మైక్ అనే ఆ పుంజు 18 నెలలు బ్రతికింది.

కాండానికి పక్షవాతం

పక్షవాతం అంటే మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం అని మనవారికి తెలుసు. కాండంలో వచ్చేదానికి ఆ గుర్తులు లేకపోవచ్చు. ఉన్నట్టుండి తల తిరిగి నిలబడలేకపోవడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాట ముద్ద కావడం, గొంతు బొంగురుపోవడం, నీరు త్రాగితే పొలమారడం, విడవని ఎక్కిళ్ళు, ఒక ప్రక్క ముఖానికీ ఎదురు ప్రక్క ఒంటికీ వేడి చల్లన తెలియకపోవడం దాని లక్షణాలు. తల తిరగడం ఒక్కటే అయితే చాలాసార్లు చెవి లోపలి దోషమే కావచ్చు. దానితో పై వాటిలో ఏ ఒక్కటి కలిసినా పైత్యమనీ, గ్యాసు అనీ నిమ్మరసం ఇస్తూ కూర్చోరాదు. ముఖ్యంగా నోట ఏమీ పోయరాదు. మ్రింగే కేంద్రం చెడినవానికి కాఫీ పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. గడ్డ కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. బేసిలార్ ధమనిలో పెద్ద గడ్డ ఉంటే దానిని గొట్టంతో లాగివేసే చికిత్స 24 గంటలలోపు కూడ కొందరికి ఉపకరించిందని 2022లో చైనా నుండి వెలువడిన పరిశోధనలు తెలిపాయి. కనుక ఆలస్యమైందని ఇంట ఉండిపోరాదు.

చచ్చినట్లు కనిపించి బ్రతికి ఉన్నవారు

కట్లపాము సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. తమిళ గ్రామాలలో దీనిని కట్టువిరియన్ అంటారు. రాత్రి నేలమీద పడుకొన్నవారిని కరుస్తుంది, నొప్పి అంతగా ఉండదు, గాటు కూడ సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, తరువాత రెప్పలు వాలడం, మాట తడబడడం, చివరకు ఊపిరి ఆగడం. ఈ విషం పనిచేసేది మెదడు కాండం మీద కాదు. నాడి కండరాన్ని కలిసే చోట. కాండం ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, కండరానికి అది చేరదు. కంటిపాపలు కూడ పెద్దవై వెలుతురుకు కదలకపోవచ్చు. చూచేవారికి అది చావుగానే కనిపిస్తుంది. వెంటిలేటరు మీద ఉంచి ఊపిరి ఆడిస్తూ పోతే, కొన్ని దినాలకో వారాలకో నాడి కొనలు మళ్ళీ చిగిర్చి, అదే మనిషి లేచి కూర్చొనగలడు. కాబట్టి పాముకాటు అనే అనుమానం ఏమాత్రం ఉన్నా, నేలమీద పడుకొన్నాడన్న సంగతి అయినా, వైద్యునికి మొదటనే చెప్పాలి. మత్తుమందు, నిద్రమాత్రలు, పురుగుమందు లోపలికి పోయినప్పుడు కూడ ఇట్లే మోసం జరుగుతుంది. ఈ కారణాలు లేవని తేలనిదే కాండం చనిపోయిందని నిర్ణయించరాదన్నది నియమం.

కాండం చనిపోయిందని ఎట్లు తెలుస్తుంది

హెల్మెట్ లేని తల రోడ్డుకు కొట్టుకొన్నప్పుడు మెదడు వాస్తుంది. కాలు వాస్తే చర్మం సాగుతుంది. కపాలం సాగదు. లోపలి ఒత్తిడి పెరిగి మెదడు క్రింది రంధ్రం వైపు త్రోసుకొనివస్తుంది. మొదట మూడవ నాడి నలిగి ఒక కంటిపాప పెద్దదవుతుంది. నర్సులు గంట గంటకూ కంటిలో లైటు వేసి చూచేది ఇందుకే. ఇంకా ఒత్తిడి పెరిగితే కాండం నలిగి, నెత్తురు అందక చనిపోతుంది. దానిని మళ్ళీ బ్రతికించే మందు గాని శస్త్రచికిత్స గాని లేదు.

వెంటిలేటర్లు రాకముందు ఈ ప్రశ్నయే లేదు, ఊపిరి ఆగిన కొద్ది నిమిషాలకు గుండె కూడ ఆగేది. గుండెకు తనంతట తాను కొట్టుకొనే శక్తి ఉన్నది, ప్రాణవాయువు అందితే చాలు. యంత్రం ఊపిరి ఆడిస్తూ ఉంటే కాండం చనిపోయిన తరువాత కూడ గుండె కొట్టుకొంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. ఇటువంటి స్థితిని 1959లో ఫ్రాన్స్ వైద్యులు మొలారే, గులోన్ వర్ణించారు. 1976లో బ్రిటన్ వైద్యులు కాండాన్ని పరీక్షించే పద్ధతిని నిర్ణయించారు. మన దేశంలో 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం కూడ కాండం పనులన్నీ శాశ్వతంగా, తిరిగిరాకుండ ఆగిపోవడాన్నే లక్షణంగా తీసుకొన్నది.

పరీక్ష పైనుండి క్రిందికి సాగుతుంది. కంటిలో వెలుతురు వేసి పాప ముడుచుకొంటుందేమో చూస్తారు: మధ్యమెదడు. కంటి పైపొరను దూదితో తాకి రెప్ప ఆడుతుందేమో చూస్తారు: పాన్స్. కనుబొమ మీద గట్టిగా నొక్కి ముఖం చిట్లించుకొంటాడేమో చూస్తారు: అదీ పాన్స్. చెవిలో మంచునీరు పోస్తారు. కాండం బ్రతికి ఉంటే కన్నులు ఆ ప్రక్కకు తిరుగుతాయి. గొంతు వెనుక తాకి డోకు వస్తుందేమో, గొట్టంలో సన్నని నాళం దింపి దగ్గు వస్తుందేమో చూస్తారు: మజ్జాముఖం. చివరిది ఊపిరి పరీక్ష. ముందుగా ప్రాణవాయువు బాగా అందించి, యంత్రాన్ని విడదీసి, ఛాతీ కదులుతుందేమో కనిపెట్టి చూస్తారు. నెత్తురులో బొగ్గుపులుసు వాయువు నిర్ణీత స్థాయికి, సాధారణంగా 60కి, పెరిగినా ఒక్క ఊపిరి కూడ రాకపోతే కేంద్రం లేదని అర్థం.

ఈ పరీక్షలు ఒకసారి చేస్తే చాలదు. కనీసం ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు చేయాలి. నలుగురు వైద్యులు సంతకం చేయాలి: ఆసుపత్రి బాధ్యత వహించే వైద్యుడు, ఆమోదిత జాబితాలోని స్వతంత్ర నిపుణుడు, నరాల వైద్యుడు లేక నరాల శస్త్రవైద్యుడు, చికిత్స చేస్తున్న వైద్యుడు. నరాల నిపుణుడు లేని చోట మరికొందరు నిపుణులను నియమించుకొనే వీలును 2011 సవరణ కల్పించింది. అవయవాలను మార్చే బృందంలోనివారు ఈ నలుగురిలో ఉండరాదు.

కోమా దీనికి భిన్నమైనది. కోమాలో ఉన్నవానికి కాండం పనులలో కొన్నియైనా మిగిలి ఉంటాయి, దగ్గుతాడు, పాప కదులుతుంది. అతడు బ్రతికి ఉన్నాడు, కోలుకొనవచ్చును కూడ. కాండం మరణించినవాడు మరణించినవాడే.

కుటుంబాలను అన్నిటికంటె ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉన్నది. కాండం చనిపోయిందని రెండుసార్లు నిర్ధారించిన తరువాత కూడ ఒక్కొక్కప్పుడు వ్రేళ్ళు కదులుతాయి, మోకాలు ముడుచుకొంటుంది, అరుదుగా రెండు చేతులూ ఛాతీ మీదికి లేస్తాయి. ప్రక్కన కూర్చొన్న తల్లి అది చూచి వైద్యులు అబద్ధమాడుతున్నారని కేకలు వేస్తుంది. ఆ కదలిక వెన్నుపాముది. వెన్నుపాము కాండానికి క్రింద ఉన్నది, దానికి నెత్తురు అందుతూనే ఉన్నది, పైనుండి అదుపు లేదు గనుక తనంతట తాను కదిలిస్తుంది. ఇట్లు జరగవచ్చునని ముందే చెప్పవలసిన బాధ్యత ఆసుపత్రివారిది. వారు చెప్పకపోతే మనమే అడగాలి.

ఈ నిర్ధారణ తరువాత అవయవదానం గూర్చి సమన్వయకర్త వచ్చి మాట్లాడతారు. తమిళనాడులో ట్రాన్స్‌టాన్, కర్ణాటకలో జీవసార్థకతే అనే ప్రభుత్వ సంస్థలు దీనిని నడుపుతున్నాయి. దానం చేసినవారి అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని తమిళనాడు 2023లో, ఒడిశా 2024లో ప్రకటించాయి. ఒప్పుకొనడం, ఒప్పుకొనకపోవడం పూర్తిగా కుటుంబం ఇష్టం. ఒప్పుకొంటే అవయవాలను తీసే వరకు శరీరాన్ని కాపాడే ఖర్చు, తీసే ఖర్చు ఆ కుటుంబం మీద వేయరాదు. డబ్బు ఇవ్వడమూ పుచ్చుకొనడమూ నేరం.

సంతకం పెట్టవలసిన కాగితం ఇంగ్లీషులోనో, ఆ రాష్ట్ర భాషలోనో ఉంటుంది. చదివి తెలుగులో చెప్పగలిగిన మనిషిని పిలిపించమని అడిగి, మొదటి పరీక్ష ఎన్ని గంటలకు జరిగింది, రెండవది ఎన్ని గంటలకు, ఊపిరి పరీక్షలో ఏమి కనిపించింది, పాముకాటు గాని మత్తుమందు గాని లేవని ఎట్లు తేల్చారు అనే నాలుగు సంగతులు తెలుసుకొన్న తరువాతనే వ్రేలిముద్ర అయినా, సంతకం అయినా పెట్టవచ్చును.